పొట్టి హాలీహాక్ ఎందుకు పొడుగవుతుంది?

పోయినేడాది హాలీహాక్ అనే పూలమొక్క విత్తనాల ప్యాకెట్ ఒకటి కొన్నాను. వెనకవైపు ‘డ్వార్ఫ్ మిక్స్‌డ్, ఎత్తు 2 అడుగులు’ అని ఉంది, అంటే రంగులు కలిసిన పొట్టి రకమని. గింజలు మూడు భాగాలయ్యాయి. నా వంతు హైదరాబాద్‌లో మా మిద్దె మీద అక్టోబరు మొదటి వారంలో వేశాను. మా చెల్లి అదే వారంలో కూకట్‌పల్లిలో తన మూడో అంతస్తు బాల్కనీలో వేసింది. మా పిన్నిది రాజమండ్రి. సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు నా మొక్కలు చూసి ముచ్చటపడి, మిగిలిన గింజలు పట్టుకెళ్లి జనవరి ఆఖర్లో వేసింది.

నావి రెండుంపావు అడుగులు పెరిగి ఫిబ్రవరి చివర్లో పూశాయి. చెల్లివి నాలుగడుగులకు దగ్గరగా సాగి, బాల్కనీ ఊచల మీదికి ఒరిగి, కాండానికి అయిదారు పువ్వులతో సరిపెట్టాయి. పిన్నివి అడుగు ఎత్తులోనే మొగ్గ తొడిగి, నాలుగు పువ్వులు పూసి, ఏప్రిల్ ఎండకి మాడిపోయాయి. పిన్ని ఫోన్ చేసి, “మంచి గింజలు నువ్వుంచుకుని తాలు నాకిచ్చావటే?” అని నవ్వింది. చెల్లికి మాత్రం ప్యాకెట్ అమ్మినవాళ్ల మీద కోపం. డ్వార్ఫ్ అని రాసి మోసం చేశారని.

మోసమేమీ లేదు. మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందో గింజ ఒక్కటే తేల్చదు. వెలుతురు, గాలి, వేసిన తేదీ, వేరుకు దొరికిన లోతు, ఒక్కోసారి నర్సరీవాళ్లు పోసిన మందు, ఇవన్నీ ఆ ‘పొట్టి’ అన్న ఒక్క మాటలో కలిసిపోయి ఉంటాయి. కుండీలో హాలీహాక్ పెంచాలంటే ముందు ఆ ముడి విప్పుకోవాలి.

హాలీహాక్ పేరు మనకు కొత్తగానీ దాని చుట్టాలంతా మనింటివాళ్లే. బెండ, గోంగూర, పత్తి, మందారం, గంగరావి, అన్నీ ఒకే కుటుంబం. పువ్వు నడిమధ్యన కేసరాలన్నీ కలిసి గొట్టంలా నిలబడటం చూస్తే మందారం గుర్తొస్తుంది. ఆకు నలిపితే బెండకాయ జిగురు. ఎండిన కాయ చూస్తే మాత్రం అచ్చం తుత్తురబెండే: చదునైన గింజలు బండిచక్రంలా గుండ్రంగా పేర్చి ఉంటాయి. శాస్త్రీయ నామం ఆల్సియా రోజియా. చైనాలో వందల ఏళ్లుగా పెంచుతున్నారు. అక్కడ దీనికి ‘యీ జాంగ్ హోంగ్’ అని ఒక పేరుంది. అంటే ఒక జాంగ్ ఎత్తున్న ఎరుపు అని. జాంగ్ అంటే ఇప్పటి కొలతలో 3.3 మీటర్లు, దాదాపు పదకొండు అడుగులు! కొంత అతిశయోక్తి ఉన్నా, మామూలు తోటల్లో కూడా పాత రకాలు ఆరు నుంచి ఎనిమిది అడుగులు పెరుగుతాయి. ఎత్తే తన పేరైన మొక్కని మనం బాల్కనీ కుండీలోకి దించాలని చూస్తున్నాం.

ఆ ఎత్తుకో అందం కూడా ఉంది. పువ్వులు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. జపాన్‌లో ఇది వానాకాలం మొదట్లో పూస్తుంది. అడుగున పువ్వు విచ్చితే వానలు మొదలైనట్టు, కొసన పువ్వు విచ్చితే వానలు వెనక్కి తగ్గినట్టు అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పొట్టి రకంలోనూ ఈ వరస మారదు. నిచ్చెన మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, అంతే.

ఇళ్ల ముందు జాగా తగ్గేకొద్దీ విత్తన కంపెనీలు ఆ మెట్లను దగ్గర చేసే పనిలో పడ్డాయి. ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే సంస్థ కొత్త రకాల్ని సాగుచేసి చూసి బహుమతులిస్తుంది. వాళ్ల జాబితాలో 1971లో ‘సిల్వర్ పఫ్స్’, 1976లో ‘మేజరెట్’, 2004లో ‘క్వీనీ పర్పుల్’ ఉన్నాయి. మూడూ రెండు, రెండున్నర అడుగుల మొక్కలే. మేజరెట్ పువ్వులో లోపలి రేకులు కుచ్చులా చీలి ఉంటాయి. క్వీనీలో బయట ఒక వరస వెడల్పు రేకులు, మధ్యలో పొడిపొడిగా గుత్తి. కుండీకి ఈ తరహా రకాలే నప్పుతాయి.

పొట్టి వేరు, తొందరగా పూయడం వేరు

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. పాత హాలీహాక్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది ఆకులు మాత్రమే వేసి, నేలకు పరుచుకుని కూర్చుంటుంది. ఒక శీతాకాలం గట్టిగా చలి తగిలాకే, రెండో ఏడాది కాండం లేచి పూస్తుంది. చలి తగిలితేగానీ పూతకు రానన్న ఈ పట్టుదల క్యాబేజీకీ ఉంది. గట్టి చలి అడిగే క్యాబేజీ రకాల విత్తనాన్ని మన మైదానాల్లో కాకుండా హిమాచల్ లాంటి చోట్ల తీయడానికి కారణం అదే.

హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. ఏ రెండు మూడు రోజులో ఇంకా కిందికి వెళ్తాయి. వారాల తరబడి పది డిగ్రీల లోపు ఉండటం మనకు లేదు. గోదావరి ఒడ్డున అదీ ఉండదు. కాబట్టి చలి అడిగే పాత రకం గింజ తెచ్చి మన దగ్గర వేస్తే, చక్కగా మొలుస్తుంది, అరచేతులంత ఆకులేస్తుంది, పువ్వు ఇదిగో అదిగో అనిపిస్తుంది, చివరికి మే నెలలో ఆకులతోనే పోతుంది. ఎరువు తక్కువైందేమోనని మనం నెలనెలా వర్మీకంపోస్టు పోస్తూనే ఉంటాం.

మనకు కావాల్సింది చలి కోసం ఆగకుండా వేసిన ఏడాదే పూసే రకం. కొత్తగా వచ్చిన పొట్టి రకాల్లో చాలావాటికి ఈ గుణం ఉంది గనక రెండూ ఒకటే అనుకుంటాం. కానీ ఆరడుగులు పెరిగి మొదటి ఏడాదే పూసేవీ ఉన్నాయి. అందుకే ప్యాకెట్ మీద ‘డ్వార్ఫ్’ కన్నా ముందు ‘యాన్యువల్’ అనో ‘ఫస్ట్ ఇయర్ ఫ్లవరింగ్’ అనో ఉందా అని చూడండి. ఎత్తు ఒక అడుగు అటూఇటూ అయినా సర్దుకోవచ్చు. పూయని మొక్కతో ఏం సర్దుకుంటాం?

ఐఆర్-8కీ దీనికీ ఏమిటి సంబంధం

పొట్టి మొక్క ఎందుకు పొట్టిగా ఉంటుందో అర్థం కావాలంటే తెలుగువాళ్లకి వరి చేలో దొరికినంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకదు. వరిలో బకానే అని ఒక తెగులుంది. తెగులు సోకిన నారు పక్కనున్న వాటికన్నా సన్నగా, పాలిపోయి, జానెడు ఎత్తుగా సాగిపోతుంది. ఆ శిలీంధ్రం వదిలే ఒక పదార్థమే మొక్కని అలా సాగదీస్తోందని 1926లో కురోసావా అనే జపాన్ శాస్త్రవేత్త చూపించాడు. ఆ పదార్థానికి తర్వాత జిబ్బరెల్లిన్ అని పేరొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మొక్కలు కూడా దాన్ని కొద్దికొద్దిగా తయారు చేసుకుంటాయనీ, కణుపుకీ కణుపుకీ మధ్య దూరాన్ని పెంచేది అదేననీ కూడా తెలిసింది.

1966లో వచ్చిన ఐఆర్-8 వరిలో ఈ జిబ్బరెల్లిన్ తయారీ కాస్త కుంటుపడి ఉంటుంది. అందుకే దుబ్బు పొట్టిగా, గట్టిగా నిలబడింది, ఎరువు వేసినా పడిపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని పెద్ద ఎత్తున పండించి ‘మిస్టర్ ఐఆర్-8’ అని పేరు తెచ్చుకున్నారు. పొట్టి హాలీహాక్‌లో ఉన్నది కచ్చితంగా అదే జన్యువని నేననడం లేదు. ఫలితం మాత్రం ఆ తీరుదే: కణుపుల మధ్య దూరం తగ్గుతుంది. పువ్వు పుట్టేది ఆకు మొదలు దగ్గర, కణుపులో. పొడుగు రకంలో అరచేయి దూరానికొకటిగా ఉండే పువ్వులు, పొట్టి రకంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. కుండీలో నిండుగా కనిపించేది ఇందుకే.

కానీ గింజలో ఉన్నది పొడుగు సాగొద్దన్న మొగ్గు మాత్రమే. మొక్క ఇబ్బందిలో పడితే ఆ మొగ్గును కొంతవరకు దాటేస్తుంది. చెల్లి బాల్కనీలో జరిగింది అదే.

చెల్లి బాల్కనీ

ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్లి చూశాను. తూర్పు బాల్కనీ. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్. పొద్దున ఎనిమిదికి వచ్చిన ఎండ పదిన్నరకల్లా పోతుంది. పైగా పక్కనే గుబురుగా మనీప్లాంట్, అరీకా పామ్. మొక్క కాండం వేలితో నొక్కితే మెత్తగా ఉంది. స్కేలు పెట్టి చూస్తే కణుపుకీ కణుపుకీ మధ్య దాదాపు మూడు అంగుళాలు. మా మిద్దె మీది మొక్కకి అంగుళంన్నర దాటలేదు.

వెలుతురు తక్కువని మొక్కకి తెలుస్తుంది, ఎందుకు తక్కువో కూడా కొంత తెలుస్తుంది. ఆకు తన మీద పడిన ఎర్రని కాంతిని పీల్చుకుని, దానికి అవతల మన కంటికి కనపడని దూరపు ఎరుపుని వదిలేస్తుంది. అందుకే పక్క మొక్కల ఆకుల్ని దాటొచ్చిన వెలుతురులో ఎరుపు తగ్గి దూరపు ఎరుపు ఎక్కువవుతుంది. ఈ తేడాని కనిపెట్టే పదార్థం ఒకటి ఆకుల్లో ఉంటుంది. తేడా తెలియగానే ‘పక్కవాళ్లు నన్ను కమ్మేస్తున్నారు, పైకి పోవాలి’ అన్నట్టు మొక్క జిబ్బరెల్లిన్ వగైరాలని రంగంలోకి దింపుతుంది. కాండాన్ని సాగదీస్తుంది. అరీకా పామ్ సావాసం చెల్లి హాలీహాక్‌కి చేసిన మేలు ఇదీ.

గాలి సంగతీ ఉంది. గాలికి ఊగే మొక్క, రోజూ ఎవరో ఒకరు తాకే మొక్క, పొట్టిగా లావుగా పెరుగుతాయి. ఊగిసలాట మొక్క పెరుగుదలను ఎలా మారుస్తుందో మార్క్ జాఫ్ అనే శాస్త్రవేత్త 1973లో వివరించి, దానికి ‘థిగ్మోమార్ఫోజెనెసిస్’ అని నోరు తిరగని పేరు పెట్టాడు. మా మిద్దె మీద గాలికి ఆరేసిన బట్టలు పక్కింట్లో పడతాయి. ఆ గాలే నా మొక్కల్ని పొట్టిగా ఉంచడంలో ఓ చెయ్యి వేసిందని నా నమ్మకం. చెల్లి బాల్కనీకి పావురాల వల, ఎదురుగా భవనం. ఆకు కదలదు.

ఆరు గంటల నేరుగా పడే ఎండ లేకపోతే హాలీహాక్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఈ మాట కటువుగా ఉంటుంది గానీ, నర్సరీల్లో ‘సెమీ షేడ్‌లో కూడా వస్తుంది మేడం’ అని ప్రతి మొక్కకీ చెప్తారు కాబట్టి చెప్పక తప్పడం లేదు. నాలుగు గంటల ఎండే ఉంటే కుండీని వారానికోసారి పావు వంతు తిప్పుతూ, చుట్టూ జాగా వదిలితే కొంత నయం. పక్కన లేతరంగు గోడ ఉంటే ఇంకొంచెం నయం.

పిన్ని చేసిన పొరపాటు తేదీదే

పిన్ని దగ్గర ఎండకి కొదవలేదు. ఆమె పెరట్లో కుండీ రోజంతా ఎండలోనే ఉంది. ఆలస్యమే ఆమె మొక్కని దెబ్బతీసింది.

హాలీహాక్ పగలు పెరిగేకొద్దీ పూతకి తిరిగే మొక్క. అక్టోబరులో వేస్తే పగళ్లు తగ్గుతూ ఉంటాయి. డిసెంబరు ఆఖరు దాకా మొక్కకి తొందర ఉండదు. ఆ మూడు నెలలు ఆకులు వేస్తుంది, వేరు దింపుతుంది, తిండి దాచుకుంటుంది. సంక్రాంతి తర్వాత పగలు బాగా సాగేసరికి మొక్క సిద్ధంగా ఉంటుంది. జనవరి చివర్లో వేసిన గింజ కళ్లు తెరిచేసరికే పగళ్లు పెరుగుతున్నాయి, వేడీ పెరుగుతోంది. ఎనిమిది, పది ఆకులు వచ్చాయో లేదో ‘ఇక టైమ్ లేదు’ అని మొగ్గ తొడిగేస్తుంది. పిన్ని మొక్క అడుగే పెరగడం అందుకు. పైకి ముచ్చటైన పొట్టి మొక్కలా కనిపించింది గానీ నిజానికది ఎదగకుండానే పెళ్లయిపోయిన పిల్ల.

మన వైపు సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు చివర దాకా వేయాలి. ఇంకా ముందే, జూన్, జూలైలో బెండతో పాటు వేస్తే ఎలా ఉంటుందని నేనో ఏడాది చూశాను. వర్షాలకి మొదలు కుళ్లి పన్నెండింటిలో ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ ఆకుచుట్టు పురుగు తినేసింది.

అమెరికా, ఇంగ్లండుల్లో ఉన్న మనవాళ్లకి ఈ క్యాలెండర్ తలకిందులు. అక్కడ ఫిబ్రవరి, మార్చిలో ఇంట్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, మంచు భయం పోయాక బయట పెడితే జూలైకి పూస్తుంది. అక్కడి గట్టి చలి వల్ల పాత రెండేళ్ల రకాలూ హాయిగా పూస్తాయి. మనకున్న ఇబ్బంది వాళ్లకి లేదు, వాళ్ల ఇబ్బంది వేరే. అది కాసేపట్లో చెప్తాను.

మందుతో పొట్టి

ఇంకో రకం పొట్టితనం ఉంది. ఈ జనవరిలో ఒక నర్సరీలో ఆరు అంగుళాల కుండీలో అడుగున్నర ఎత్తు హాలీహాక్, నిండా మొగ్గలతో కనిపించింది. ఆకులు ముదురాకుపచ్చ, కాస్త మందం, కాడలు మరీ పొట్టి. ఇంటికి తెచ్చి పెద్ద కుండీలోకి మార్చాను. ఉన్న మొగ్గలన్నీ పూశాయి. తర్వాత మొదట్లోంచి వచ్చిన పిలక మాత్రం మూడున్నర అడుగులకి వెళ్లింది. ఒకే వేరు, రెండు ఎత్తులు. మళ్లీ వెళ్లినప్పుడు అడిగితే అక్కడి కుర్రాడు దాచుకోలేదు. “షేప్ కోసం మందు పోస్తాం మేడం, అందరూ పోస్తారు” అన్నాడు.

మామిడి తోట ఉన్నవాళ్లకి ప్యాక్లోబ్యుట్రజాల్ తెలిసిన పేరే. కాపు కోసం చెట్టు మొదట్లో పోస్తారు. అది మొక్కలో జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుంటుంది. మొక్క సాగదు, ఆకు ముదురు రంగు తిరుగుతుంది. పూల కుండీలకు ఈ తరహా మందులు వాడటం ప్రపంచమంతా ఉన్న పద్ధతే, తప్పేమీ కాదు. ఇబ్బందల్లా, అది అరువు తెచ్చుకున్న పొట్టితనం. మందు పని తగ్గాక మొక్క తన అసలు ఎత్తుకి వెళ్తుంది. ఆ మొక్క నుంచి తీసిన గింజలోనూ అసలు ఎత్తే ఉంటుంది. పూలతో ఉన్న కుండీ కొనడం ఒక నెల వేడుకకి బాగానే ఉంటుంది. పొట్టి రకం కావాలంటే మాత్రం గింజతో మొదలుపెట్టాలి.

కుండీకి లోతే ముఖ్యం

మొక్క రెండడుగులే కదా అని వెడల్పాటి తొట్టి తెచ్చుకుంటే దెబ్బతింటాం. పైన పొట్టిదైనా కింద దీని వేరు ముల్లంగిలా నిలువుగా దిగే తల్లివేరు. పన్నెండు అంగుళాల లోతు లేనిదే వేయకండి. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న గ్రో బ్యాగ్‌లో ఇరవై లీటర్లకు పైగా మట్టి పడుతుంది. అందులో ఒక్క మొక్క. పద్దెనిమిది అంగుళాల బ్యాగ్ అయితే మూడు. ఒకదానికి ఒకటి అడ్డమైతే చెల్లి అరీకా పామ్ కథే మళ్లీ మొదలవుతుంది.

లోతు ఎందుకో చూడాలంటే వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి చాలు. నీళ్లలో ముంచి, అరచేతిలో అడ్డంగా పట్టుకోండి. కారేదంతా కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా నిలువుగా తిప్పండి. మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, నీళ్లు అవే. అడుగున కొంత మందాన నీరు పట్టి ఉంచడం స్పాంజికైనా మట్టికైనా స్వభావం. ఆ తడి పొర మందం మట్టిని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. ఆరంగుళాల తొట్టిలో రెండంగుళాలు తడిసిముద్దగా ఉంటే వేరుకి మిగిలేది నాలుగే. అదే పన్నెండులో పది మిగులుతాయి. నీళ్లు పోవాలని అడుగున రాళ్లు, పెంకులు పోసే అలవాటు మనందరిదీ. మా అమ్మా పోసేది. దానివల్ల ఆ తడి పొర పోదు సరికదా, రాళ్ల పైకి జరిగి వేరుకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లుకి అడ్డంగా ఒక పెంకు పెడితే మట్టి కారకుండా ఉంటుంది, అంతకన్నా అక్కర్లేదు.

మట్టి విషయంలో నాకు కుదిరిన లెక్క: ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు, పైన రెండు గుప్పిళ్ల వేపపిండి. ఉత్త ఎర్రమట్టి కుండీలో ఇటుకలా గట్టిపడుతుంది. కొబ్బరిపొట్టు కడగమన్నది అందులో ఉప్పు ఉంటుంది గనక. బోరు నీళ్లు పోసేవాళ్లకి ఉప్పు బెడద ముందే ఉంటుంది.

గింజలు రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున నేరుగా కుండీలోనే వేయడం అన్నిటికన్నా మేలు. వారం, పది రోజుల్లో మొలుస్తాయి. నారు పోయాలంటే కాగితపు టీ కప్పుల్లో పోసి, మూడు నాలుగు ఆకులప్పుడు కప్పు చింపి మట్టిగడ్డతో సహా పెట్టండి. తల్లివేరు వంకర తిరిగితే ఆ మొక్క మళ్లీ కోలుకోవడం కష్టం. డిసెంబరు దాటాక నత్రజని ఎక్కువున్న ఎరువులు మానేయాలి. లేకపోతే కాండం మెత్తబడి ఊరికే సాగుతుంది. అరటితొక్క నీళ్ల గురించి అడుగుతుంటారు. నేను రెండేళ్లు పోశాను. పువ్వుల్లో తేడా కనపడలేదు గానీ ఈగలు బాగా పెరిగాయి.

బెండ పక్కన పెట్టొద్దు

మిద్దెతోట ఉన్న ప్రతి ఇంట్లో రెండు బెండ మొక్కలుంటాయి. హాలీహాక్‌కి అదే ప్రమాదం. బెండ ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు తెలియనివాళ్లుండరు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. అదే కోవకి చెందిన వైరస్‌లు హాలీహాక్ మీదా ఈనెలు పసుపెక్కడం, ఆకు ముడుచుకోవడం తెస్తాయి. చుట్టరికం వల్ల పురుగులూ ఉమ్మడే: తెల్లదోమ, పిండినల్లి, ఆకుచుట్టు పురుగు, అన్నీ బెండ మీంచి మందారానికీ, అక్కడ్నించి దీనికీ ఇల్లు మారుతూనే ఉంటాయి. నేను బెండ కుండీల్ని మిద్దెకి ఆ చివర, హాలీహాక్‌ని ఈ చివర పెట్టి, మధ్యలో పసుపు జిగురు అట్టలు రెండు వేలాడదీశాను. వైరస్ సోకిన మొక్కని మాత్రం జాలిపడకుండా పీకేయాలి. మందు లేదు.

ఇక చల్లని దేశాలవాళ్ల ఇబ్బంది కుంకుమ తెగులు. ఆకు పైన పసుపు చుక్కలు, తిప్పి చూస్తే కింద చిన్నచిన్న ఇటుకరంగు బొడిపెలు. దీని పుట్టిల్లు చిలీ. 1869లో స్పెయిన్‌లో కనిపించి, 1873కల్లా ఇంగ్లండ్ చేరింది. అప్పటికి అక్కడ ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్ అనే చిన్న ఊరు హాలీహాక్‌లకి పేరుమోసింది. చెప్పులు కుట్టే చార్లెస్ బేరన్ అనే ఆయన సరదాకొద్దీ ముద్ద పువ్వుల్ని పెంచితే, ఆ గింజల్ని విలియం చేటర్ అనే నర్సరీ యజమాని తీసుకుని దేశమంతా అమ్మాడు. కుంకుమ తెగులు వచ్చి ఆ తోటల్ని తుడిచిపెట్టేసింది. ‘చేటర్స్ డబుల్’ అన్న పేరుతో ముద్ద హాలీహాక్ గింజలు ఇప్పటికీ అమ్ముతున్నారు.

గోధుమ కుంకుమ తెగులు తన చక్రం పూర్తి చేసుకోవడానికి ఇంకో మొక్క మీద కూడా కాపురం చేయాలి. హాలీహాక్‌ది అలా కాదు, ఒక్క మొక్క మీదే పుట్టి పెరుగుతుంది. పాత మొక్క మొదట్లో దాక్కుని ఏడాది తిరగ్గానే మళ్లీ లేస్తుంది. అందుకే పూసిన ఏడాదే మొక్కని పీకేసే పద్ధతి తెగులుకి ఆయువు తీసేస్తుంది. అలా చూస్తే మన ఎండలు బలవంతాన చేయించే పని, చలి దేశాల్లో తోటమాలులు కావాలని చేసుకునే పనే. మనకీ చలికాలం ముసురు పట్టినప్పుడు చుక్కలు కనిపిస్తే, అడుగు ఆకులు తీసేసి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోస్తే చాలావరకు ఆగుతుంది.

మార్చి చివరికి నా మొక్కల్లో కింది కాయలు ఎండాయి. చక్రాల్లోంచి గింజలు విడదీసి కాగితం మీద ఆరబెట్టాను. పువ్వులో పుప్పొడి ముందు రాలి, ఆ తర్వాతే పుప్పొడిని అందుకునే కీలం బయటికొస్తుంది. కాబట్టి తేనెటీగలు పక్క పువ్వు నుంచి పుప్పొడి తేవడమే ఎక్కువ. రంగులు ఎలా కలుస్తాయో చెప్పలేం. నర్సరీ మొక్క తప్ప చుట్టుపక్కల పొడుగు రకం లేదు గనక ఎత్తు మాత్రం చాలావరకు నిలబడాలి. నర్సరీ నుంచి తెచ్చిన మందు మొక్క కాయల్ని ముందే తుంచేశాను, కలగాపులగం కాకుండా.

చెల్లి వాళ్ల అసోసియేషన్‌లో అడిగి, ఈసారి నాలుగు కుండీలు అపార్ట్‌మెంట్ మిద్దె మీద వాటర్ ట్యాంకు పక్కన పెట్టుకోవడానికి ఒప్పించింది. పిన్నికి గింజలు కవర్లో పెట్టి పంపాను. కవరు మీద ఎత్తు రాయలేదు. ‘దసరాకి వెయ్యి పిన్నీ, సంక్రాంతికి కాదు’ అని రాశాను.